రెక్క మీద పేర్లు

వింధ్యావళి టీచరుగారిని ఎవరైనా ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. చేతికి ఒక పని ఇచ్చేవారు. సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, పార్వతీపురంలో తన ఇంటి వరండాలో కూర్చుని, బల్సా చెక్కతో బుల్లి విమానాలు కట్టడం పెద్దవాళ్లకి నేర్పుతుండేవారు. దూది లాంటి చెక్క అది. పక్కనెవరైనా గట్టిగా తుమ్మితే బల్లమీంచి లేచిపోతుంది. అలాంటి చెక్క దగ్గర మాటలు కూడా తక్కువే ఉండాలని కాబోలు.

ఒకరోజు గౌరీసు ఆవిడని అడిగాడు. "టీచరమ్మగారూ, మనకి మేలు చేసినవాళ్లని మర్చిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలండి?"

"నీ విమానానికి కాగితం అతికించడం ఎంతవరకు వచ్చింది?" అన్నారావిడ.

అతను ఊరికే అడగలేదు. గౌరీసు బోర్డులు రాసే పెయింటరు. ఎరువుల కొట్టుకి బోర్డు రాస్తూ చెప్పు జారి నిచ్చెన మీంచి పడ్డాడు, కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆ దారిన పోతున్న లారీ డ్రైవరు ఖాదరు బండి ఆపి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఆసుపత్రిలో చేర్చాడు. పక్కింటి ముత్యాలమ్మ మామ్మ, ఏ వరసా లేని మనిషి, ఆ చెయ్యి కట్టులో ఉన్నన్నాళ్లూ అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టింది. ఎముక అతుక్కుంది గానీ వేళ్లు మాట వినడం మానేశాయి. గీత గీస్తే పాము పాకినట్టు పోయేది. అప్పుడు టీచరుగారు పిలిచి, చేతికి బ్లేడిచ్చి, "ఈ బద్దలు కొయ్యి" అన్నారు. కోసి కోసి, అతికించి అతికించి, వేళ్లకి మళ్లీ కాస్త బుద్ధొచ్చింది. ఈ విమానం ఎగిరితే మళ్లీ నిచ్చెనెక్కి కుంచె పట్టడం, ఎగరకపోతే కుంచెలు ఎవరికైనా ఇచ్చేసి ఎక్కడో కాపలా పనికి పోవడం. ఇదీ అతను తనలో తను పెట్టుకున్న ఒట్టు. ఒక్క మామ్మకే చెప్పాడు.

మన వైపు ఆటో వెనకాలో లారీ నుదుటో చూడండి, అమ్మానాన్నల దీవెన అనో, ఫలానావారి ప్రోత్సాహం అనో రాయించుకోకుండా బండి రోడ్డెక్కదు. అలాంటివి లెక్కలేనన్ని రాసినవాడు గౌరీసు, తన విమానాన్ని ఉత్తినే వదులుతాడా? పల్చటి కాగితం చక్కగా అతికించి, వార్నిషు పూసి, అది ఆరాక తన పాత ఆయిలు పెయింటు డబ్బాలు తీశాడు. ఎడమ రెక్క మీద ముత్యాలమ్మగారి దీవెనతో అని, కుడి రెక్క మీద ఖాదరు పేరు, తోక మీద టీచరుగారి పేరు. ఎరుపు అక్షరం, పసుపు అంచు, కింద నీలం నీడ. చెయ్యి వణికి వంకర పోయిన చోటల్లా దానిమీదే ఇంకో పూత. మామ్మ పేరంటే మరీ ప్రేమ కదా, దానికి మరో రెండు పూతలు.

టీచరుగారు చూశారు. "బరువు చూసుకున్నావా?" అన్నారు.

"పేర్లకి బరువేంటండీ!" అని నవ్వాడు.

ఆదివారం పొద్దున్నే బడి మైదానంలో అందరూ చేరారు. ముందున్న పంకాకి కట్టిన రబ్బరుని మెలితిప్పి వదిలితే ఎగిరే విమానం అది. గౌరీసు కళ్లు మూసుకుని వదిలాడు. మనిషెత్తు లేచింది, ఎడమ రెక్క వాల్చింది, గిర్రున తిరిగి జిల్లేడు పొదలో పడింది.

"నా పేరు మోసుకుని అదేం ఎగురుద్ది బాబాయ్! నేను ఎక్కితే లారీయే ఓవర్‌లోడు అంటది," అన్నాడు ఖాదరు, వాతావరణం తేలికవుతుందేమోనని. అవలేదు.

మామ్మ విమానాన్ని ఒళ్లో పెట్టుకుంది. ఆవిడకి అక్షరం రాదు. "ఇందుల నానెక్కడున్నాన్రా?" అని అడిగింది. గౌరీసు చూపించాడు. రంగు మీద వేలు రాసి చూసుకుని, "ఓలమ్మ, ఇంత లావున్నానేటి!" అంది.

గౌరీసు నవ్వలేదు. "చెయ్యి కుదరలేదు మామ్మా. ఇంక కుదరదు," అన్నాడు.

టీచరుగారు ముగ్గురినీ తన వరండాలోకి తీసుకెళ్లి, విమానం బల్లమీద పెట్టి, "కాగితం తీసెయ్" అన్నారు.

"పేర్లు చింపమంటారా? నా చేత్తోనా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు కాదా అండీ?"

"లెక్కపెట్టు, చూద్దాం."

ఏం చేస్తాడు? గురువు మాట. కాగితం అంచు లేపి, దెబ్బ మీద పట్టీ విప్పుతున్నంత మెల్లిగా ఒలిచాడు. పేర్లన్నీ బరువుగా ముడుచుకుని పక్కన పడ్డాయి. లోపల బద్దలు బయటపడ్డాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా, బాగా తినేవాడి పలువరసలా ఒకే ఎత్తు, ఒకే ఎడం. పడ్డప్పుడు విరిగిన బద్ద ఒక్కటి తప్ప అన్నీ తిన్నగా ఉన్నాయి. గౌరీసు వాటి మీద వేలు పోనిచ్చాడు. మళ్లీ పోనిచ్చాడు.

"ఇయన్నీ నువ్వే కోసినావా?" అంది మామ్మ.

"నేనే."

"మరి ఒంకరేదిరా?"

గౌరీసు బ్లేడు అందుకున్నాడు. విరిగిన బద్ద స్థానంలో కొత్తది కోసి పెట్టాడు. కొత్త కాగితం పరిచేటప్పుడు, ముడత పడకుండా పట్టుకోవడానికి టీచరుగారు ఇద్దరినీ పిలిచారు. ఒక చివర మామ్మ, ఒక చివర ఖాదరు. స్టీరింగు తిప్పే ఆ మోటు చేతులు కాగితం చినుగుతుందేమోనని ఊపిరి బిగబట్టాయి. అతికించాక నీళ్లు జల్లితే కాగితం కాస్తా వేలాడిపోయింది. "అయ్యో, పాడైపోనాది!" అంది మామ్మ. "ఆరనీ మామ్మా, అదే బిగుస్తుంది," అన్నాడు గౌరీసు. తను ధైర్యం చెబుతున్నానని అతనికి తెలీలేదు. రెక్క మెలిపడకుండా చదును బల్లకి అదిమిపెట్టి, ఆరేదాకా ముగ్గురూ దాని చుట్టూ కూర్చున్నారు. ఆరాక వేలితో మీటితే డప్పులా పలికింది. తడిస్తే బిగిసేవి దేవుడు ఇంకేం పుట్టించాడో గానీ, కాగితాన్ని చూసి మాత్రం మామ్మ బుగ్గన చెయ్యేసుకుంది.

మర్నాడు ఎండ ముదరకముందే వదిలాడు. ఏ పేరూ లేని తెల్లటి రెక్కలు. బడి పెంకుల మీదుగా లేచింది, పెద్ద చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, రబ్బరు ఆగాక కూడా కాసేపు గాలి మీద పడుకుని, తీరిగ్గా గడ్డిలో దిగింది. ఖాదరు వేసిన ఈలకి కాకులు లేచాయి. గౌరీసు మామ్మ చేతులు రెండూ పట్టుకుని, "రేపు నిచ్చెనెక్కుతాను" అన్నాడు, కళ్లనీళ్లతో.

"ఎక్కు బావూ. ఈపాలి సెప్పులిడిసి ఎక్కు."

అతను టీచరుగారి దగ్గరికి పరుగెత్తాడు. "టీచరమ్మగారూ, నేను రాసే మొదటి బోర్డు వీళ్ల పేర్లే! మా వీధి మొదట్లో, రేకు మీద, మనిషెత్తు అక్షరాలు. రేకుకి బరువుతో పనిలేదు కదండీ!"

మామ్మ అక్కడ బడి గోడకి ఆనుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ, ఇంకా ఆకాశంలోకే చూస్తోంది. టీచరుగారు తన మడత కుర్చీలోంచి లేచారు.

"బాగానే ఉంటుంది," అన్నారు. "ముందు ఈ కుర్చీ తీసుకెళ్లి ఆవిడకి వెయ్యి. పొద్దున్నించీ నిలబడే ఉన్నారు."