సూదులన్నీ నీలాలు ఇంట్లోనే

దుప్పటి లాక్కోకండర్రా, అందరికీ సరిపోతుంది. నువ్వు ఇటు జరుగు, దాన్ని మధ్యలో పడుకోనీ. ఆఁ, ఇప్పుడు వినండి.

అనగనగనగా, మన ఊరల్లే ఉక్కపోసే ఊరు కాదు, కొండ మీద గజగజా వణికించే ఊరు ఒకటి ఉండేదిట. గొంగళ్ళపాడని దాని పేరు. ఆ ఊళ్ళో అందరూ గొర్రెలు కాసుకునేవాళ్ళే. మగవాళ్ళు గొర్రెల్ని తోలుకుని పైకొండకి పోతే, ఆడవాళ్ళు ఇంటి దగ్గర ఊలు వడుక్కుని, రంగులద్దుకుని, వెదురు సూదులతో అల్లుకునేవారుట. కుళ్ళాయిలూ, మేజోళ్ళూ, శాలువాలూ, ఊలు చొక్కాయిలూ. మీరిప్పుడు స్వెట్టరంటున్నారే, అదేనర్రా ఊలు చొక్కాయంటే. ఊఁ కొట్టండి మరి! ఊఁ కొట్టకపోతే నాకు కథ నడవదు.

ఆ ఊరికి నీలాలనే పిల్ల కోడలుగా వచ్చింది. మొగుడు బీరప్ప, అత్తగారు సుంకులమ్మ, తనూ. ఇంట్లో ముగ్గురే మనుషులు. నీలాలుది ఎంత మంచి చెయ్యంటే, సూదులు పట్టుకుందంటే చూడ్డానికి ఇరుగుపొరుగు వచ్చి కూచునేవారుట. కానీ ఏం లాభం? మొదలుపెట్టేది, వదిలేసేది.

అత్తగారికి శాలువా మొదలుపెట్టిందా, సగం అయ్యేసరికి సంతలో పసుపురంగు ఊలు కనపడింది. అబ్బ, ఈ రంగు కుళ్ళాయికి ఎంత బాగుంటుందోననుకుంది. శాలువా పక్కన పెట్టి కుళ్ళాయి మొదలుపెట్టింది. కుళ్ళాయి చెవుల దాకా వచ్చేసరికి ఎర్ర ఊలు కనపడింది. కుళ్ళాయి పక్కన పెట్టి మేజోడు మొదలుపెట్టింది. ఒక మేజోడు అయ్యాక రెండోది మడమ దగ్గర ఆగింది. అలా శాలువా ఆగింది కుళ్ళాయి కోసం, కుళ్ళాయి ఆగింది మేజోడు కోసం, మేజోడు ఆగింది మెడపట్టీ కోసం, మెడపట్టీ ఆగింది చొక్కాయి కోసం, చొక్కాయి ఎందుకాగిందో చొక్కాయికే తెలీదు!

నవ్వుతున్నారా? నవ్వండి నవ్వండి. పోయినేడు నువ్వు మొదలెట్టిన బొమ్మల పుస్తకం ఎంతవరకొచ్చిందో నన్నడక్కు.

ఆ ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా అల్లికే. బుట్టల్లో, అటక మీద, మంచం కింద, ఆఖరికి పప్పుల డబ్బాలో కూడా. ఒకసారి సుంకులమ్మ చింతపండనుకుని కుండలో చెయ్యి పెడితే గోధుమరంగు ఊలు వచ్చిందిట. అయినా ఆవిడ పల్లెత్తు మాట అనేది కాదు. ఆ కుండ మూతపెట్టి, పక్కింటి ఎల్లమ్మ దగ్గరికెళ్ళి చింతపండు తెచ్చుకుంది.

మరి అన్ని అల్లికలకి సూదులు కావాలి కదా? ఒక్కో అల్లిక ఒక్కో జత సూదుల మీద ఉండిపోయేది. తన సూదులన్నీ అయిపోయాయి. అత్తగారివి తీసుకుంది, అవీ అయిపోయాయి. ఎల్లమ్మని అడిగింది. రెండ్రోజుల్లో ఇస్తానంది. ఆ పక్కింట్లో అడిగింది, ఎదురింట్లో అడిగింది, చివరింట్లో అడిగింది. అందరితోనూ రెండ్రోజులే! నీలాలంటే అందరికీ ఇష్టం, కాదనలేక ఇచ్చేవారు. ఆ సూదులు అంగట్లో కొనుక్కునేవి కావు. వెదురు చెక్కి, నూనెలో నానబెట్టి, ఊలుకి పట్టుకోకుండా నున్నగా రుద్దుకోవాలి. బోలెడు రోజుల పని.

ఇంతకీ నీలాలు ఎందుకలా చేసేదంటారు? బద్ధకమా? కాదు. తెల్లారి లేస్తే సూది వదిలేది కాదు. మనసులో మాత్రం ఒక బరువుండేది. వంట చేస్తున్నా, నీళ్ళు తోడుతున్నా, ఆ సగం సగం అల్లికలన్నీ వెనకనుంచి కొంగు పట్టుకుని లాగుతున్నట్టే ఉండేది. మంచం మీద పడుకుంటే కింద ఉన్న బుట్ట గుర్తొచ్చి నిద్ర పట్టేది కాదు. ఆ బుట్ట వంక చూడలేక కొత్త ఊలు పట్టుకునేది. కొత్తది పట్టుకోగానే కాసేపు హాయిగా ఉండేది. ఆ హాయి పోగానే మళ్ళీ ఇంకోటి. పాపం కదూ?

అలా ఉండగా ఒక ఏడు చలి ముందే వచ్చిపడింది. ఇంకా నెలా రెణ్ణెల్లుందనగా వచ్చేసింది. మగవాళ్ళంతా పైకొండ మీదున్నారు, బీరప్ప కూడా. పల్చటి బట్టలతో, తలో గొంగడీ వేసుకుని వెళ్ళారు. వడగళ్ళ వాన పడింది. గొంగళ్ళన్నీ తడిసి ముద్దయ్యాయి. మధ్యలో వాగు పొంగింది. గొర్రెలు దాటలేవు. పైగా అప్పుడే కొన్ని ఈనుతున్నాయి. ఇవతలికి రాలేరు, అక్కడ ఉండలేరు.

ఎల్లమ్మ మొగుడు గంగులు నడుముకి మోకు కట్టుకుని వాగు దాటి కిందికొచ్చాడు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయిట. నిప్పుల దగ్గర కూచోబెట్టి గంజి తాగిస్తే అప్పటికి మాటొచ్చింది.

"వెచ్చటి బట్టలు కావాలి. రేపటికల్లా కావాలి. బీరప్పకి వేళ్ళు మొద్దుబారిపోయాయి, కర్ర పట్టుకోలేకపోతున్నాడు," అన్నాడు.

బొంతలు పంపిస్తామన్నారు ఆడవాళ్ళు. బొంత కప్పుకుని గొర్రెని ఎలా పట్టుకుంటాం, అది తడిస్తే ఎవరు మోస్తారన్నాడు గంగులు. ఒంటికి తగులుకునేవి కావాలిట. సరే, ఇంటింటా ఊలుంది, చేతులున్నాయి, అందరం కూచుని ఈ పూటకి తలోటీ అల్లేద్దామనుకున్నారు. లోపలికి వెళ్ళి సూదుల కోసం వెతుక్కున్నారు.

ఏవీ సూదులు? ఊఁ కొట్టడం ఆపేసి చెప్పండి, ఎక్కడున్నాయి?

ఆఁ! అన్నీ నీలాలు ఇంట్లోనే.

అందరూ వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఒక్కరూ ఏమీ అనలేదు. తిడితే బాగుండుననిపించిందిట నీలాలుకి. ఎల్లమ్మ ఒక్కతే మెల్లిగా, "నా సూదులిస్తావా నీలాలూ," అంది. నీలాలు గడప మీద కూలబడిపోయింది. బీరప్ప వేళ్ళు కళ్ళముందు కనపడుతున్నాయి. అయినా లేచి ఆ బుట్టలు తేలేకపోతోంది.

సుంకులమ్మ వచ్చి పక్కన కూచుంది. కోడలి వీపు మీద చెయ్యి వేసింది.

"ఎందుకే పిల్లా, ఏదీ ముగించవు?"

నీలాలు అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు పెద్దమ్మ దగ్గర పెరిగిందిట. ఏదన్నా అల్లి ముగించి తీసుకెళ్తే, ఆ పెద్దమ్మ దాన్ని ఎండకెత్తి పట్టుకుని చూసేది. ఎక్కడో ఒక కుట్టు జారి ఉండేది. అందరి ముందూ దారం కొస పట్టుకుని సర్రుమని లాగేసేది.

"సూది మీద ఉన్నంతసేపూ అది బాగా రాబోతోందనే ఉంటుందత్తా. దించేశాననుకో, ఇంతేనా అని తేలిపోతుంది."

సుంకులమ్మ ఊఁ అంది. మీలాగే. లేచి లోపలికెళ్ళింది. శాలువా ఉన్న బుట్ట తెచ్చి, ఆ శాలువా బయటికి తీసింది. తన కోసం మొదలుపెట్టిన శాలువా! ఎన్ని చలికాలాలు ఎదురుచూసిందో. దాన్ని ఒకసారి చెంపకి ఆనించుకుంది. సూదుల్లోంచి లాగేసి, దారం కొస కోడలి చేతికిచ్చింది.

"నాకిది అక్కర్లేదే. దీని ఊలు కావాలి నాకు. నువ్వే లాగు."

నీలాలు మెల్లిగా లాగింది. ఒక వరస పోయింది. ఇంకో వరస పోయింది. తలెత్తి అత్త మొహం చూసింది. కోపం లేదు. బాధా లేదు. ఆవిడ మోకాళ్ళ మీద ఊలు ఉండ చుట్టుకుంటూ, ఇంకా తొందరగా లాగమంటోంది. అప్పుడు నీలాలు గుండెల్లో ఏదో ముడి విడిపోయినట్టయిందిట. ఎన్నో ఏళ్ళుగా వెనకాల కొంగు లాగుతున్న శాలువా, ఆవిడ ఒళ్ళో ఉత్త ఊలు ఉండై కూచుంది. అంతే! ఏమీ మునిగిపోలేదు.

ఇంక చూడండి! గబగబా లేచింది. అటక ఎక్కింది. మంచం కిందికి దూరింది. బుట్టలు తెచ్చింది, మూటలు తెచ్చింది, కుండలు తెచ్చింది. వాకిట్లో కుప్ప పోసింది. ఊరి ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. ఇన్నా అని.

నీలాలు ఒక్కోటీ పైకెత్తింది. ఇది కొంచెంలో అయిపోతుంది, ఎల్లమ్మా నువ్వు ముగించంది. ఇది మొదట్లోనే తప్పింది, ఇది లాగేద్దామంది. ఇది ఎదురింటి చిన్నపిల్లాడికి మొదలెట్టింది, వాడికిప్పుడు మీసాలొస్తున్నాయి, అడుగు విప్పి పొడుగు పెంచండంది. ఈ రెండు సగం శాలువాలూ ఒకదానికొకటి కలిపి కుట్టేస్తే ఒక శాలువా అవుతుందంది. రంగు కలవదమ్మాయ్ అన్నారెవరో. చలికి రంగులతో ఏం పని అంది నీలాలే! ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో తనకే తెలీలేదుట.

ఆడవాళ్ళంతా వాకిట్లో వరసగా కూచున్నారు. ఒకళ్ళు లాగుతుంటే ఒకళ్ళు చుడుతున్నారు, ఒకళ్ళు చుడుతుంటే ఒకళ్ళు అల్లుతున్నారు, ఒకళ్ళు అల్లుతుంటే ఒకళ్ళు కుడుతున్నారు, కుట్టినవాటిని గంగులు కూచుని మడతపెడుతున్నాడు. సూదులు టకటకా టకటకా, వాన చినుకుల్లాగ.

ఆఖరికి ఒకటే మిగిలింది. బీరప్పకని అల్లిన నీలం చొక్కాయి. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టింది. చేతులయ్యాయి, ఒళ్ళయింది, మెడ దగ్గర ఆగింది. మెడ గుండ్రంగా పెట్టనా, కోణంగా పెట్టనా అని అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉంది.

"ఎలా ముగించనత్తా?" అంది.

"తల పట్టేట్టు ముగించు," అంది సుంకులమ్మ.

నీలాలు కళ్ళు మూసుకుని ఒకసారి ఊపిరి పీల్చుకుంది. వరసంతా మూసేసింది. సూదులు బయటికొచ్చేశాయి. చొక్కాయి ఒళ్ళో పడింది. ఒక చెయ్యి రెండోదానికంటే పొడుగుంది. ఉంటే ఉందిలే అని మూటలో పడేసింది.

తెలతెలవారుతుండగా గాడిద మీద మూటలేసుకుని గంగులు బయల్దేరాడు. తోడుగా నీలాలు కూడా వెళ్ళింది. వాగు దగ్గరికెళ్ళేసరికి బాగా వెలుగొచ్చింది. నీళ్ళు హోరుమంటున్నాయి. అవతలి గట్టు మీద మగవాళ్ళు గొర్రెల మధ్య దూరి ముడుచుక్కూచున్నారు. గంగులు దాటొచ్చి చెట్టుకి కట్టి వదిలిన మోకుకి మూటలు కట్టి, అవతలివాళ్ళు లాగితే వెళ్ళాయి.

నీలాలు ఇవతల నిలబడి చూస్తోంది. మూట విప్పారు. ఎవరికేది దొరికితే అది తొడుక్కున్నారు. ఒకడికి ఎర్ర మేజోడొకటి, పసుపు మేజోడొకటి. ఇంకొకడికి కలిపి కుట్టిన శాలువా. ఎవ్వరూ ఎండకెత్తి పట్టుకుని చూడలేదు. తడిమి, తొడుక్కుని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని హమ్మయ్య అంటున్నారు. ఆ హమ్మయ్యలు నీళ్ళ హోరులో వినపడకపోయినా కనపడుతున్నాయిట!

బీరప్ప నీలం చొక్కాయి పట్టుకున్నాడు. చేతులు దూర్చాడు. తల దూర్చాడు. తల రాదే! మెడ బిగుతైపోయింది. లోపల్నుంచి తన్నుకుంటున్నాడు. ఇద్దరు మనుషులు వచ్చి కిందికి లాగితే, పుటుక్కున తల బయటికొచ్చింది. జుట్టంతా నిలబడిపోయింది. అందరూ నవ్వారు. నీలాలు గుండె ఆగినంత పనైంది, తర్వాత తనూ నవ్వేసింది. బీరప్ప ఏదో అరిచాడు. వినపడలేదు. పొడుగు చెయ్యి వేళ్ళ మీదికి లాక్కుని, ఆ చేతిని పైకెత్తి ఊపాడు. వేళ్ళు వెచ్చగా ఉన్నాయని. నీలాలు గట్టు మీదే కూచుని కళ్ళు తుడుచుకుంది. ఏడుపు కాదర్రా. బరువు దిగిపోతే అలాగే వస్తాయి నీళ్ళు.

ఊఁ కొడుతున్నారా? పెద్దది కొడుతోంది. సరే.

కొన్నాళ్ళకి వాగు తగ్గింది. మగవాళ్ళూ గొర్రెలూ కిందికొచ్చారు. ఊరంతా ఎదురెళ్ళింది. ఏం చూశారనుకున్నారు? అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలకి మెడపట్టీలు చుట్టి తీసుకొస్తున్నారుట! ఒకదాని నాలుగు కాళ్ళకీ మేజోళ్ళు! మే మే అంటూ చంకల్లోంచి తొంగి చూస్తున్నాయి. బీరప్ప వేళ్ళు పదీ బాగున్నాయి. చొక్కాయి మాత్రం ఇంటికొచ్చాక కూడా విప్పలేదు. విప్పుదామంటే తల రావాలి కదా! సుంకులమ్మ మెడ దగ్గర కాస్త విప్పి వదులు చేసి పెట్టింది.

నీలాలు ఎవరి సూదులు వాళ్ళకి నూనె రాసి ఇచ్చేసింది. అప్పట్నుంచీ పూర్తిగా మారిపోయిందా అంటే, అదేం లేదు. సంతలో కొత్త రంగు కనపడితే కళ్ళు అటే పోయేవి. కానీ తన సూదులెన్నో అన్ని అల్లికలే. సూది ఖాళీ అయితేనే కొత్తది. నచ్చనిది ఉంటే భయపడకుండా లాగేసేది. మొదలుపెట్టినవన్నీ ముగించి తీరాలని లేదర్రా. ముగించాల్సింది ముగించాలి, అక్కర్లేనిది విప్పేసుకోవాలి, మన వల్ల కానిది పక్కవాళ్ళ చేతికివ్వాలి. మంచం కింద మాత్రం దాచకూడదు.

మగవాళ్ళు తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నం ఇల్లంతా ఊడ్చింది నీలాలు. అటక ఖాళీ, మంచం కింద ఖాళీ. కాసేపు నడుం వాలుద్దామని పడుకుంది. అంతే, ఒళ్ళు తెలీని నిద్ర! ఎల్లమ్మ వచ్చి నీలాలేదీ అని గట్టిగా పిలిచింది. సుంకులమ్మ పెదాల మీద వేలు పెట్టి, లేపకమ్మా, కోడలు పడుకుందని వాకిలి తలుపు దగ్గరగా వేసింది.

ఇదిగో, మీ చిన్నవాడూ పడుకున్నాడు. కథేమో కంచికి నడుచుకుంటూ పోయింది. మనం నడవక్కర్లేదు, ఇంట్లోనే ఉన్నాం. కళ్ళు మూసుకోండి.