ఫర్ చెట్టు కింద తోటికోడళ్ళు

అనగనగా, ఇక్కడికి చాలా దూరంగా, మంచుకొండల మీద ఒక చిన్న ఊరుండేది తల్లీ. ఆ ఊరికి పైన ఫర్ చెట్ల అడవి. ఒక్కో చెట్టూ కొబ్బరిచెట్టు కంటే పొడుగు. కింద వెడల్పు, పైకి వెళ్ళేకొద్దీ సన్నం. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. దాని కాయలు కిందికి వేలాడవు, కొమ్మల మీద నిటారుగా నిలబడతాయి. మూలికల కొట్లో తాళీసపత్రం అని అమ్ముతారే, అది ఆ జాతి చెట్టు ఆకే.

ఆ ఊళ్ళో హేమంతి, సరూలి అని ఇద్దరు తోటికోడళ్ళు. సరూలి జబ్బుచేసి నెల్లాళ్ళు మంచాన పడితే, పక్కింట్లోనే ఉన్న హేమంతి చూడటానికి రాలేదు. ఆ తర్వాత సరూలి ఆవిడతో మాట మానేసింది. మూడేళ్ళు!

ఒకరోజు ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు అడవికి వెళ్ళారు, పశువుల కింద పరవడానికి ఎండాకు తేవాలని. అప్పుడు ఉన్నట్టుండి మంచు దట్టంగా కురవడం మొదలైంది. చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. సరూలి రాతి మీద జారింది. కాలు చీరుకుపోయింది.

కేక విని హేమంతి పరుగెత్తుకొచ్చింది. మంచు బరువుకి ఫర్ కొమ్మలు నేల దాకా వంగి, కింద గుడారంలా చోటుంది. సరూలిని అందులోకి లాక్కెళ్ళింది. అప్పుడు ఆ చెట్టు బెరడు మీది బుడిపె చిదిపి, బంక తీసి గాయానికి పూసింది. ఆ తర్వాత కొంగు చింపి కట్టు కట్టింది.

సరూలి ఆ కట్టు తడిమి చూసుకుంది. చివరికి అడిగేసింది.

"నేను మంచాన పడ్డప్పుడు ఎందుకు రాలేదక్కా?"

"నా చంటిదానికి అంటుకుంటుందేమోనని భయమేసిందే. మూడుసార్లు నీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను."

"ఆ మాటే చెప్పొచ్చుగా?"

"సిగ్గేసింది."

సరూలి ఏడ్చింది. హేమంతి కూడా.

మధ్యాహ్నానికి మంచు ఆగింది. హేమంతి సరూలిని వీపున వేసుకుని, దారిలో మూడుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకుంటూ ఇల్లు చేర్చింది.

కోపం అంతా పోయిందా అంటావా? ఒక్కరోజులో ఎలా పోతుందే? కానీ ఆ సాయంత్రం సరూలి ఇంట్లో పొయ్యి వెలిగించింది హేమంతే. పప్పు వండి పెట్టింది. సరూలి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పెక్కువైందక్కా," అంది.

ఇంకో ముద్ద కలుపుకుంది.

కథ కంచి దారి పట్టింది, కునుకు మనింటి తలుపు తట్టింది.