మూత కింద చప్పుడు

లూకాస్ కాచిన రెండో విడత బీరు కూడా పుల్లబడి పాడైపోయింది. నాన్న సీసాలో ఇక మిగిలింది అడుగునున్న రెండు చెంచాల ఈస్టు, బీరును పులియబెట్టే మడ్డి.

ఆ ఈస్టును వాళ్ల నాన్న ఇంట్లో బీరు కాస్తూ నలభై ఏళ్లు కాపాడుకొచ్చాడు. ఆయన పోయేనాటికి లూకాస్ ఈ కొండమీది క్రైస్తవ మఠంలో ఉన్నాడు. మంచుకు దారులు మూసుకుపోయి వెళ్లలేకపోయాడు. మంచు కరిగాక అక్క వచ్చి సీసా చేతిలో పెట్టి వెళ్లింది. నాన్న బీరు వాసన మళ్లీ ఒక్కసారి తగిలితే చాలనుకున్నాడు లూకాస్.

మఠంలో బీరు కాచే పెద్దాయన బ్రదర్ ఓట్మార్. వంటింటి పక్క గదిలో కరెంటు కుండ పెట్టి అతనికి పని నేర్పుతున్నాడు.

"నాన్న కట్టెల పొయ్యి మీద కాచేవాడు. వేడి మోచేత్తో చూసేవాడు. ఈ మీట నొక్కే కుండతో ఆయన బీరు రాదేమో, బ్రదర్."

"కుండనేమీ అనకు. అరవై ఆరు డిగ్రీలంటే గంటసేపు అక్కడే కూర్చుంది. నువ్వు కూర్చోగలవా?"

మూడోసారి లూకాస్ అన్నీ కుదురుగా చేశాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి వడగట్టాడు. చేదు కోసం హాప్ పూలు వేసి మరిగించి, చల్లార్చాడు. చివరి ఈస్టు కలిపి డబ్బా మూత బిగించాడు. మూతకున్న గొట్టంలో నీళ్లు పోశాడు. పులియడం పూర్తయ్యేదాకా లోపలి గాలి బుడగలై బయటికి పోతుంది, బీరును పాడుచేసే బయటి గాలి లోపలికి రాదు.

మర్నాడు మధ్యాహ్నం ఓట్మార్ వచ్చేసరికి లూకాస్ చెయ్యి మూత మీద ఉంది.

"ముందు రెండుసార్లూ ఇలాగే మూత తీశావా?"

"రోజూ," అన్నాడు లూకాస్. "వాసన వచ్చిందేమోనని. ఒక్కసారి చూస్తాను, బ్రదర్."

ముసలాయన కోప్పడలేదు. ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు. లూకాస్ తలను మెల్లగా వంచి, చెవిని డబ్బాకు ఆనించి వెళ్లిపోయాడు.

లోపల బుడుంగు... బుడుంగు...

ఆ రోజు నుంచి ప్రార్థనకూ భోజనానికీ మధ్య దొరికిన కాసేపూ లూకాస్ అక్కడే ఉన్నాడు. చప్పుడు మొదట్లో పరుగెత్తింది, తర్వాత నడిచింది. పన్నెండో రోజుకి ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఊపిరి బిగబట్టుకోవాల్సి వచ్చింది. పదిహేనో రోజున ఎంతసేపు కూర్చున్నా ఏమీ వినపడలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆగిపోయింది, బ్రదర్."

ఓట్మార్ బంగాళాదుంపల చెక్కు తీస్తున్నవాడల్లా తలెత్తి అతని ముఖం చూశాడు.

"ఆగేదాకా దగ్గరే ఉన్నావుగా," అన్నాడు. "ఇప్పుడు మూత తియ్యి."