కరక్కాయ తువ్వాళ్ళు

షెడ్డు తెరవాల్సిన రోజు దగ్గరపడేకొద్దీ సిలారుకి కాళ్ళూ చేతులూ ఆడటం మానేశాయి.

కరోనా రోజులవి. మా ఊళ్ళో గుడ్డల మీద అచ్చులద్దే షెడ్లన్నిటికీ తాళాలు పడి నాలుగో నెల. ఇక తెరుచుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. వచ్చి ఏం లాభం? సిలారు షెడ్డులో నేను కాక పనివాళ్ళు పదకొండు మంది. పదకొండు మందీ ఒకటే మాట మీద కూర్చున్నారు. "కాలేషాగారు వచ్చి చూసి, భయం లేదని ఒక్క మాటంటే సోమవారం వస్తాం."

కాలేషాగారంటే ఊరి చివర దర్గాలో ఉండే పెద్దాయన. ఒకప్పుడు రంగుల మేస్త్రి. సిలారుకి అచ్చు పట్టుకోవడం నేర్పిందీ, అల్లాని తలుచుకోవడం నేర్పిందీ ఆయనే. నాకూ ఆయనే గురువు. నా పేరు వీరాస్వామి. సిలారు షెడ్డులో రంగు బాన ముందు నిలబడి గుడ్డలు ఉడికించే పని నాది.

సిలారు దర్గాకి పరిగెత్తాడు. నన్నూ వెంట లాక్కుపోయాడు.

"గురువుగారూ, చెయ్యాల్సినవన్నీ చేశాను. కాలితో తొక్కితే శానిటైజరు పడే స్టాండు పెట్టాను. జ్వరం చూసే గన్ను కొన్నాను. బల్లకి ఒక్కరే నిలబడేలా నేల మీద సున్నం గీతలు గీశాను. అయినా గుండె దడ ఆగట్లేదు. మీరొక్క మాట చెప్పండి చాలు."

"నీకు దేనికిరా అంత దడ?" అన్నారు గురువుగారు.

సిలారు తల దించుకున్నాడు. "మరియమ్మ గురించండీ."

మరియమ్మ మా షెడ్డులో అందరికంటే బాగా అద్దే మనిషి. ఆమె భర్త ఏసోబుకి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు బందరు తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. ఈ జబ్బు గనక అతనికి తగిలితే ఇక తన చేతుల్లో ఏమీ లేదని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆమె పనికి రాకపోతే మందులుండవు. వస్తే ఇంటికి ఏం మోసుకెళ్తుందో తెలీదు. ఆ బెంగ ఆమెదే అనుకున్నాను గానీ, సిలారు కూడా దాంతోనే చిక్కిపోయాడని నాకా రోజే తెలిసింది.

గురువుగారు తస్బీ పూసలు తిప్పుకున్నారు.

"గురువారం వస్తాను. నువ్వూ, వీరాస్వామీ, మరియమ్మా, ముగ్గురు చాలు. ఒక పూట మామూలుగా పని చెయ్యండి."

గురువారం పొద్దున్నే సిలారు గేటు దగ్గర కాపలావాడిలా నిలబడ్డాడు. ముందు నాకు గన్ను పెట్టి చూశాడు, స్టాండు తొక్కించి చేతులు రుద్దించాడు. తర్వాత మరియమ్మకీ అంతే. "వేళ్ళ సందుల్లో కూడా అమ్మా, వేళ్ళ సందుల్లో," అని ఆమె ప్రాణం తోడేశాడు. తనూ రుద్దుకున్నాడు. అందులో వంక పెట్టడానికి లేదు.

ఇంతలో గురువుగారు వచ్చారు. భుజాన సంచి, ముక్కుకి గుడ్డ. నేను స్టాండు వైపు చూపించబోతే సిలారు నన్ను కసిరాడు. "గురువుగారికెందుకయ్యా అవన్నీ!"

గురువుగారు కుడి చెయ్యి చాపారు. సిలారు ఒంగి, ఆ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. మూణ్ణెల్ల తర్వాత ముట్టుకుంటున్న చెయ్యి. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

గురువుగారు సంచి నాకిచ్చి, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ పేలికలు తీయించారు. గొళ్ళేనికి, కుళాయికి, గన్ను పిడికి, మంచినీళ్ళ చెంబుకి, అచ్చుల పిడులకి చుట్టమన్నారు. దర్గాలో మొక్కు కట్టినట్టు నేనన్నీ కట్టాను. మాకు ముగ్గురికీ తలా ఒక కరక్కాయ తువ్వాలు నా చేతే ఇప్పించి, మాస్కు మీద నుంచి చుట్టుకుని కొసలు భుజాల మీద వేసుకోమన్నారు.

సిలారు నా చెవిలో, "చూశావా, కట్టు కట్టేశారు. ఇక మనకి భయం లేదు," అన్నాడు. వాడి మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో!

గురువుగారు కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆ పూటకి నల్ల రంగు ఒక్కటే అద్దమన్నారు, మేం పనిలో పడ్డాం. చేతులు అచ్చులు పట్టి మూణ్ణెల్లు దాటిందేమో, మొదటి గంట అన్నీ వంకరగానే పడ్డాయి. సిలారు ఒకచోట నిలవడు కదా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. బల్ల దగ్గరికి, గొళ్ళెం దగ్గరికి, చెంబు దగ్గరికి. గన్ను తీసి మళ్ళీ మళ్ళీ చూశాడు.

ఒకసారి మరియమ్మ అచ్చు కింద పెట్టేసి, "అన్నా, ఇంటికెళ్ళాలంటే భయంగా ఉందన్నా," అని ఏడ్చేసింది. సిలారుకీ ఏడుపొచ్చింది. "ఏం కాదమ్మా, నేనున్నాగా," అని ఆమె భుజం తట్టాడు.

గురువుగారు చూశారు.

మధ్యాహ్నానికి పేలికలు, తువ్వాళ్ళు అన్నీ విప్పించి తీగ మీద ఆరేయమన్నారు.

"గురువుగారూ, మరి మాట?" అన్నాడు సిలారు.

"ఆదివారం చెప్తాను. బాన పొయ్యి మీద పెట్టి ఉంచండి."

ఆ మూడు రోజులూ సిలారు మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చాడో లెక్కలేదు. ఆదివారం దాకా ఎందుకన్నారు? బాన దేనికి? నన్నడిగితే నాకేం తెలుసు!

ఆదివారం పొద్దున గురువుగారు, సిలారు చూస్తుండగా ఆ గుడ్డలన్నీ కాలవలో జాడించి, ఎరుపు రంగిచ్చే మంజిష్ఠ వేరు వేసిన బానలో దించాను. మరియమ్మ కాస్త దూరంగా నిలబడింది. నీళ్ళు తెర్లడం మొదలుపెట్టాక కర్రతో ఒక పేలిక పైకెత్తాను.

పేలిక మీద నాలుగు వేళ్ళు. ఎర్రగా.

ముప్పై ఏళ్ళుగా బాన ముందు నిలబడ్డ వెధవని, నాకు అప్పటిదాకా వెలగలేదు. పటికకి రంగుండదు. కరక్కాయ గుడ్డ మీద పటిక జిగురు ఎంత తగిలినా కంటికి కనపడదు. ఈ బానలో ఉడికితేనే, తగిలినచోటల్లా ఎరుపు తేలుతుంది. మా పనికి అఆలు అవే. గురువారం మేం అద్దింది నల్ల రంగే, అందులో పటిక లేదు. గురువుగారే అరచేతికి పటిక జిగురు రాసుకుని వచ్చారన్నమాట.

గొళ్ళెం పేలిక తీశాను, ఎరుపు. చెంబుది ఎరుపు. గన్ను పిడిది ఎర్రగా ముద్దయిపోయింది. సిలారు తువ్వాలు తీశాను. సరిగ్గా ముక్కు దగ్గర మూడు వేళ్ళు.

"చెయ్యి జిగటగా ఉంటే... దర్గాలో చదివించిన చక్కెర పంచి వచ్చారేమో అనుకున్నాను," అన్నాడు సిలారు. "బర్కత్ కదా, దేవుడి దీవెన కదా అని తుడుచుకోలేదు."

చివర్న మరియమ్మ తువ్వాలు పైకొచ్చింది. భుజం మీద పడ్డ కొసలో అరచెయ్యి. అయిదు వేళ్ళూ విడివిడిగా, అచ్చు గుద్దినట్టు పడింది.

మరియమ్మ ఆ చేతినే చూస్తూ నిలబడింది. "విప్పించకపోతే ఇదేసుకునేగా ఇంటికెళ్ళి ఏసోబు పక్కన కూర్చునేదాన్ని," అంది.

సిలారు నేల మీద కూలబడ్డాడు. "మీ చెయ్యి గురువుగారూ! మీ చేతికేముంటుందని..."

"ఎర్రగా కనపడి ఉంటే, అంటింది నా చేతి నుంచే అయినా కడుక్కునేవాడివి నాయనా," అన్నారు గురువుగారు. సంచి భుజానేసుకుని వెళ్ళిపోయారు. భయం లేదన్న మాట మాత్రం అనలేదు.

సోమవారం పొద్దున గేటు బయట పదకొండు మందీ దూరందూరంగా నిలబడ్డారు. ఎవరూ లోపలికి రావడం లేదు. సిలారు రాత్రికి రాత్రే ముసలాడైపోయినట్టున్నాడు. అప్పుడు గురువుగారు వచ్చారు. అందరూ చూస్తుండగా సిలారు వైపు కుడి చెయ్యి చాపారు.

సిలారు ఆ చెయ్యి అందుకోలేదు. దూరంగానే ఉండి తల వంచి సలాం చేశాడు. చెంబుతో నీళ్ళు, సబ్బు తెచ్చి, "ముందు కడుక్కోండి గురువుగారూ," అన్నాడు. పై నుంచి నీళ్ళు పోశాడు. గురువుగారు పిల్లాడిలా వేళ్ళ సందుల్లో కూడా రుద్దుకుని కడుక్కున్నారు. తర్వాత సిలారు చెంబు నాకిచ్చి, తన చేతులు చాపాడు.

మరియమ్మ గేటు అవతల నుంచి అదంతా చూసింది. చెప్పులు విడిచి, చేతులు ముందుకు చాపుకుని లోపలికి వచ్చింది.