కోమలాంబ పల్లకీ దిగిన చోటు

వేదురుమెట్ట కోమలాంబ అమ్మవారి దర్శనానికి వచ్చే భక్తులకు కొండ మలుపు తిరగగానే పిల్లల గోల వినిపిస్తుంది. కంగారు పడకండి, దారి తప్పలేదు! గుడి ముఖమండపంలో నేటికీ బడి నడుస్తోంది. అమ్మవారి ఎదుట బడి ఏమిటని అడిగేవారు ఈ కథ చిత్తగించాలి.

పూర్వం ఈ సీమను కాచమదేవి అనే రాణి ఏలుతుండేది. చిన్నతనంలో ఆమె తలుపు చాటున నిలబడి, అన్నలకు గురువు చెప్పే పాఠాలు విని అక్షరాలు నేర్చుకున్నది. అలా దొంగచాటుగా నేర్చుకోవలసి వచ్చిందన్న మంట ఆమె కడుపులో ఉండిపోయింది. సింహాసనం ఎక్కగానే ఈ మండపంలో బడి పెట్టించింది. ఏ కులం వారైనా సరే, ఆడపిల్లలైనా సరే, వచ్చి చదువుకోవచ్చని చాటింపు వేయించింది.

ఇంకేముంది, ఊరంతా భగ్గుమన్నది! ప్రధానార్చకుడు వామనభట్టు కోటకు వచ్చి, "దేవీ, మండపం మైలపడితే అమ్మవారు ఊరుకోదు. జాతరలో ఏ కీడు జరిగినా భారం తమదే" అన్నాడు.

"అమ్మకు ఇష్టం లేదని తెలిసిన క్షణమే నా చేతులతో బడి మూసేస్తాను స్వామీ" అని రాణి మాట ఇచ్చింది. ఇచ్చిందే గానీ, ఆనాటి నుంచి ఆమె గుండె పీచుపీచుమంటూనే ఉంది.

జాతర రానే వచ్చింది. డప్పులు దద్దరిల్లుతుండగా అమ్మవారి పల్లకీ ఊరంతా తిరిగి బడి ముందుకు చేరింది. అంతే! బోయీల భుజాలు ఒక్కసారిగా కుంగిపోయి పల్లకీ నేలకు దిగింది. ఎత్తబోతే కదలదు. చుట్టూ ఉన్న మగవాళ్ళంతా వచ్చి పట్టారు. ఊహూఁ!

"చూశారా! అమ్మ ఆగ్రహించింది!" అని వామనభట్టు కేక పెట్టాడు. జనమంతా రాణి వైపు తిరిగారు. ఇచ్చిన మాట తప్పకూడదు కదా! బడి ముగించడానికి మండపంలోకి నడిచింది.

లోపల కుమ్మరివారి పిల్ల పోలి అక్షరమాల వల్లిస్తున్నది. రాణిని చూసి ఠక్కున ఆగిపోయింది. రాణికి దుఃఖం పొంగుకొచ్చింది.

"ఇదే ఆఖరి పాఠం తల్లీ. సగంలో ఆపకు, పూర్తి చెయ్యి" అన్నది.

పిల్ల మళ్ళీ అందుకున్నది. చివరి అక్షరం నోటి వెంట వచ్చిందో లేదో, "లేచింది! లేచిందిరోయ్!" అని బయట బోయీలు అరిచారు. పల్లకీ పూలబుట్టలా భుజాలకెక్కింది! అమ్మకు కోపమెక్కడిది? అంతసేపూ ఆగి పాఠం వింటున్నది! రాణి పోలిని చంకనెత్తుకుని, అందరూ చూస్తుండగానే ఏడ్చింది, నవ్వింది. వామనభట్టు తల వంచుకుని పల్లకీ వెనుక నడిచాడు.

ఆపై ఆమె ఏలుబడిలో గుడి గుడికీ బడి వెలిసింది. పిల్లల పాఠం అయ్యాకే దేవుడికి హారతి ఇవ్వాలని శాసనం చేసింది.

ఇప్పటికీ జాతరలో పల్లకీ బడి ముందు దిగుతుంది. కొత్తగా అక్షరాలు నేర్చిన ఆడపిల్ల ఒకతె ఎదుట నిలబడి అన్నీ చెప్పేదాకా లేవదు. చదువు అబ్బని పిల్లలను తెచ్చి అప్పుడు అక్కడ కూర్చోబెడితే చదువు వంటబడుతుందని భక్తుల నమ్మకం.

మొన్నటి జాతరలో జోరున వాన. పాప సగంలో తడబడి బిక్కమొహం వేసింది. తడిసి ముద్దయిన జనంలో ఒక్కరూ విసుక్కోలేదు. వామనభట్టు వంశంవారైన అర్చకస్వామి, అమ్మవారికి పట్టిన గొడుగు తీసుకువచ్చి ఆ పాపకు పట్టారు.