ముప్ఫై ఇళ్ళకీ ఒక్క చేంతాడు

అనగనగా, ఎంత బతిమాలినా వాన రాని ఒక మెట్ట ఊళ్ళో ముప్ఫై ఇళ్ళు ఉండేవి. ముప్ఫై ఇళ్ళకీ ఒకటే మంచినీళ్ళ బావి. దానికి ఒకటే గిలక, ఒకటే బొక్కెన, ఒకటే చేంతాడు. చేంతాడంటే తెలుసుగా, నీళ్ళు తోడుకునే తాడు. ఆ బావి ఎంత లోతంటే, పైనుంచి "ఓయ్" అని అరిస్తే, నువ్వు ఒక ఆవలింత ఆవలించేసరికి గానీ లోపలి నుంచి "ఓయ్" తిరిగొచ్చేది కాదు. ఇప్పుడు ఆవలించావే, సరిగ్గా అంతసేపు.

ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. తాడు ఎవరి చేతిలో తెగితే వాళ్ళే కొత్త తాడు వేయాలి. బావిలో పడ్డ బొక్కెన కూడా వాళ్ళే తీయించాలి. వినడానికి న్యాయంగానే ఉంది కదూ? ఊరంతా అలాగే అనుకుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఊళ్ళో పేరమ్మ అని ఒకావిడ ఉండేది. భర్త లేడు. ఒక్కగానొక్క కూతురు తిరపతమ్మ. ఆ పిల్ల పుట్టింటికి వచ్చి ఆడపిల్లని కన్నది. బాలింతకీ బిడ్డకీ రెండు పూటలా నీళ్ళు పోయాలి, పొత్తిగుడ్డలు ఉతకాలి. మిగతా ఇళ్ళకి నాలుగు బిందెలు చాలితే, పేరమ్మ ఇంటికి పది కావాలి.

సరిగ్గా అప్పుడే తాడు పాతబడింది. ఒకచోట పురి విడిపోయి, పీచు లేచి, పిల్లి మీసాల్లా నిలబడింది. అందరూ చూశారు. చూసి, చూడనట్టు ఊరుకున్నారు. ఎందుకని? కాస్త ఆలోచించు. తాడు పాడైందని ముందుగా ఎవరంటే వాళ్ళనే వేయమంటారని భయం. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే ఎవరో ఒకరి చేతిలో తెగుతుంది, మనది కాకపోతే చాలని ఆశ. ముప్ఫై ఇళ్ళలో ముప్ఫై బుర్రలుంటే, ముప్ఫైకీ కలిపి వచ్చిన ఆలోచన ఇదొక్కటే!

మొదటి రోజు అందరూ చిన్న చిన్న చెంబులు తెచ్చుకున్నారు. బొక్కెన సగమే ముంచి, నిద్రపోతున్న పసిపిల్లని ఎత్తినట్టు మెల్లగా పైకి లాగారు. ఒక్కో బొక్కెన పైకి రావడానికి యుగం పట్టింది. పేరమ్మ వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. రెండు బిందెలే దొరికాయి. ఆ పూట తిరపతమ్మకి స్నానం లేదు.

రెండో రోజు ఊరివాళ్ళకి ఎక్కడలేని మర్యాద పుట్టుకొచ్చింది.

"ముందు నువ్వు తోడుకో వదినా" అంది పక్కింటి చుక్కమ్మ.

"పెద్దవాడు గురవయ్య మావ ఉండగా నేనా?" అంది పేరమ్మ.

"నాకేం తొందరమ్మా, పిచ్చయ్యని కానివ్వండి" అన్నాడు గురవయ్య.

పిచ్చయ్యకి ఉన్నట్టుండి కాల్లో ముల్లు విరిగింది. కూర్చుని దాన్ని వెతుక్కున్నాడు. ఎంత వెతికినా దొరకదే! ఎండ నెత్తికెక్కింది.

అప్పుడు పేరమ్మ ఇక ఆగలేక తానే ముందుకెళ్ళింది. ఊపిరి బిగబట్టి ఒక బొక్కెన లాగింది, రెండోది లాగింది. వెనక్కి తిరిగి చూస్తే, ఆమె బిందె పక్కన ఇరవై బిందెలు వరసగా పెట్టేసి ఉన్నాయి.

"ఆ చేత్తోనే మాకూ తలా ఒక బొక్కెన పొయ్యి వదినా, నీ చెయ్యి చల్లనిది" అంది చుక్కమ్మ.

"నా చేతిలోనే తెగాలని కదూ మీ అందరి మొక్కులూ?" అంది పేరమ్మ.

ఒక్కరైనా కాదంటారేమో అని చూసింది. ఒక్కరూ అనలేదు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. తన బిందె ఎత్తుకుని విసవిసా ఇంటికి పోయింది.

మూడో రోజు గాజులమ్మే మస్తాను ఊళ్ళోకి వచ్చాడు. అతన్ని చూడగానే బావి దగ్గరున్న జనమంతా పెళ్ళివారిని చూసినట్టు ఎదురెళ్ళారు.

"రా మస్తానూ, ఎండనపడి వచ్చావు. నీళ్ళు తోడుకో. కాళ్ళు కడుక్కో, మొహం కడుక్కో, కావాలంటే తలారా పోసుకో!"

"పోయినసారి గుక్కెడు నీళ్ళడిగితే పక్క ఊరికెళ్ళమన్నారు కదమ్మా" అన్నాడు మస్తాను. తాడు వంక చూశాడు. వాళ్ళ మొహాల వంక చూశాడు. గాజుల మూట మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. "చూడగానే దాహం తీరిపోయింది" అని వచ్చిన దారినే పోయాడు.

ఆ రోజు తాడు ముట్టినవాళ్ళే లేరు. పేరమ్మ కూడా ఒట్టి బిందెతో ఇంటికి వచ్చింది. పసిబిడ్డకి ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి. గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది. "అమ్మా, తడిగుడ్డతో తుడుద్దామన్నా నీళ్ళు లేవే" అని తిరపతమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పేరమ్మ చూరులోని కొడవలి తీసుకుని బావి దగ్గరికి నడిచింది. అందరూ తప్పుకుని మహా మర్యాదగా దారిచ్చారు. ఆమె తాడంతా పైకి లాగి, బొక్కెన విప్పి గట్టుమీద పెట్టింది. అప్పుడు పీచు లేచిన చోట కొడవలి పెట్టి, కసుక్కున కోసేసింది.

ఊరంతా కెవ్వుమంది. పిచ్చయ్య కాల్లో ముల్లు సంగతి మరిచిపోయి లేచి నిలబడ్డాడు. "నువ్వే కోశావు కాబట్టి నువ్వే వెయ్యాలి!"

"వేస్తాను నాయనా, ఎందుకు వెయ్యను? నా ఇంట్లో ఉన్న పిడికెడు నారతో, నా రెండు చేతుల్తో పేని, నా చిటికెన వేలంత తాడు వేస్తాను. పట్టుమని పది రోజులు రాదు. నువ్వు లాగుతుంటే తెగుతుంది. అప్పుడు నువ్వు కూడా నీ చిటికెన వేలంతదే వేద్దువు గాని. ఇన్నాళ్ళూ మనమందరం వేసింది అదేగా?"

గురవయ్య తల గోక్కున్నాడు. "అవునర్రా, లావు తాడు ఎప్పుడైనా చూశామా ఈ బావికి?" అన్నాడు.

ఎలా చూస్తారు? లావు తాడు పేనాలంటే ఈ చివర ముగ్గురు మూడు పురులు పట్టుకుని నిలబడాలి. ఆ చివర ముగ్గురు మెలి తిప్పాలి. మధ్యలో మెలి విడిపోకుండా మనుషులు పట్టి ఉంచాలి. ఒక ఇంటివాళ్ళతో అయ్యే పనా అది? నీళ్ళు అందరివీ, తాడు మాత్రం ఒక్కరిది అంటే కుదురుతుందా?

అప్పుడు పేరమ్మ చెప్పింది. "ఇంటికో జడంత లావు గోగునార తెండి. ఎవరు ఎంత తెచ్చారో అందరికీ కనబడేట్టు ఈ గట్టుమీద వరసగా పెట్టండి."

తెచ్చారు. పిచ్చయ్య ఎలకతోకంత తెచ్చి, మెల్లగా వరసలోకి జరిపాడు.

"ఏం పిచ్చయ్యన్నా, మీ ఇంట్లో జడ ఇంతేనా? వదినని పిలిచి అడగమంటావా?" అంది చుక్కమ్మ. అందరూ ఫక్కున నవ్వారు. పిచ్చయ్య గబగబా ఇంటికెళ్ళి ఇంత మోపు తెచ్చాడు.

పొద్దు కుంకేసరికి పేరమ్మ ముంజేయంత లావున తాడు తయారైంది. పురి కుదురుకోవాలని రెండు గుంజల మధ్య బిగదీసి కట్టారు. అప్పుడు పేరమ్మ కొత్త కట్టుబాటు పెట్టింది. తాడు ఎవరి చేతిలో తెగిందని ఇకమీదట ఎవరూ అడగకూడదు. పీచు లేచిందని ఎవరు ముందు చూసి చెబితే, ఆ రోజు మొదటి బిందె వాళ్ళది. నార మాత్రం ముప్ఫై ఇళ్ళదీ. అందరూ సరేనన్నారు. పేరమ్మ హమ్మయ్య అనుకుంది.

మర్నాడు తెల్లారకముందే బిందె తీసుకుని బావికి వెళ్ళింది. చూస్తే ఏముంది! ఊరు ఊరంతా ఆ తాడు చుట్టూ మూగి, ముక్కులు ఆనించి వెతుకుతోంది.

"ఇదిగో పీచు, నేనే ముందు చూశాను!"

"అది పీచు కాదు, నీ వెంట్రుక! నాది చూడండి, నాది!"

పిచ్చయ్య అయితే ఒక మూల కూర్చుని గోటితో పురి గీరుతున్నాడు.

"ఇంకా బావిలోకే దిగలేదు కదర్రా అది!" అని పేరమ్మ నెత్తి కొట్టుకుంది. వీళ్ళని బాగుచేయడం ఆ దేవుడి తరం కూడా కాదనుకుంది. పిచ్చయ్య చెయ్యి పట్టుకుని లేపి, తాడు విప్పి గిలకకి వేసింది. ఆ తర్వాత వెళ్ళి వరసలో చిట్టచివర నిలబడింది.

అయినా ఎంతసేపు? ధన్ ధన్‌మని నిండు బొక్కెనలు పైకి వస్తుంటే వరస ఇట్టే కరిగిపోయింది. పొద్దు బారెడు ఎక్కకముందే పది బిందెలూ ఇల్లు చేరాయి. మనవరాలిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, గోరువెచ్చని నీళ్ళు చెంబుతో పోస్తుంటే, మూడు రోజులుగా ఏడ్చిన బిడ్డ ఏడుపు ఆపి, పిడికిళ్ళు విప్పి, అమ్మమ్మ కాళ్ళ మీదే నిద్రపోయింది.

కథ నడిచి కంచి చేరింది,
కడవ నిండి గడప చేరింది,
కునుకు వచ్చి నీ కన్ను చేరింది.