ఒకే కిటికీ ఉన్న నగరం

ఒక రాజుగారికి నగరం కావలసి వచ్చింది. ఆ రాజ్యంలో నగరాలను కంప్యూటర్ తెరమీద గీస్తారు. గీసింది గీసినట్టు బయట లేచి నిలబడుతుంది. చెరిపేస్తే మనుషులైనా సరే మాయమైపోతారు.

గీసే పని ఒక పిల్లకి అప్పగించారు. కిటికీ అరచేయి వెడల్పు మించకూడదని రాజుగారి ఆజ్ఞ. జనం బయటికి చూస్తూ కూర్చుంటే పనులు సాగవట. మించితే గీసిన పిల్లనే చెరిపేస్తానన్నాడు.

పిల్ల ఒకే ఒక్క కిటికీ గీసి, పేరు పెట్టి, బ్లాకుగా, అంటే ఎన్నిచోట్లైనా అచ్చు వేసుకునే మూలంగా, దాచింది. ఇక మళ్లీ గీసే పనే లేదు. తెరమీది బాణం దాన్ని ఎత్తుకుపోయి ఇంటింటికీ పెట్టి వచ్చింది. ఎన్ని గోడలున్నా కిటికీ ఒక్కటే, మిగిలినవన్నీ దాని నీడలు. పొద్దెక్కేసరికి రాజుగారి మేడతో సహా నగరం తయారు.

పిల్లకీ ఒక గది దక్కింది. ఎదురు డాబామీద ఒక అద్దకం కుర్రాడు నీలిచీరలు ఆరేస్తున్నాడు. అరచేతి వెడల్పులోంచి ఆమెకి కనిపించింది మోచేతిదాకా నీలమైన ఒక చెయ్యి, అంతే. ఆ చేతికి ముఖం ఎలాంటిదో అని ఆమెకి అన్నం సయించలేదు.

"నా ఒక్క కిటికీ కాస్త వెడల్పు చేసుకుంటాను. ఇంత ఊళ్లో ఎవరు చూడొచ్చారు?" అంది.

"చూసేదాకా ఎవరూ చూడరులే తల్లీ," అంది బాణం.

ఆమె తెరమీద తన కిటికీని తెరిచి, గీతల్ని బారెడు జరిపి, భద్రపరిచింది.

నగరమంతా ఒక్కసారి భళ్లున తెరుచుకుంది. వీధులు వెలుగుతో నిండిపోయాయి. ఒక ఇంటి పోపు ఇంకో ఇంట్లో ఘుమఘుమలాడింది. ఇవాళ మీ ఇంట్లో ఏం కూర అని జనం కిటికీల్లోంచి కేకలేసుకున్నారు.

"నువ్వు మార్చింది నీ కిటికీని కాదు, కిటికీనే," అంది బాణం.

పిల్ల వినలేదు. కుర్రాడి ముక్కు కొస కూడా నీలమే. అతనూ ఇటే చూస్తున్నాడు.

ఇంతలో రాజుగారు చెరిపే రబ్బరు పట్టుకుని వచ్చాడు. ముందు ఆ మూలం కిటికీని చెరిపెయ్యమన్నాడు. ఒక్క గోడమీద నీడ మిగిలినా మూలం చెరగదని, గోడగోడకీ వెళ్లి నీడల్ని చెరిపి రావాలని పిల్ల చెప్పింది.

"అయితే నా మేడతోనే మొదలుపెడతాను. ఆఖర్న నువ్వు," అని వెళ్లాడు.

మేడమీద తన కిటికీ దగ్గర రబ్బరు ఎత్తాడో లేదో, ఎదురింట్లో గోంగూర బాగుచేస్తున్న ఒకావిడ తలెత్తింది. రాజు ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు.

"కొత్తగా దిగారా బాబూ? అంత ఇంట్లో ఒక్కరూ ఏం ఉంటారు గానీ, ఇటు రండి, ఇంత ముద్ద తిందురుగాని."

రాజుగారు రబ్బరు వీపు వెనక దాచుకున్నాడు.

కిటికీ చెరపకుండానే ఆయన తిరిగి వచ్చేసరికి పిల్ల తన కిటికీ దగ్గరే ఉంది. చెరిగిపోయేలోగా ఆ నీలిముక్కుని కళ్లారా చూసుకుంటోంది. రాజుగారు ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఎదురింటావిడ ముద్దకి పిలిచింది. తలుపులు కూడా ఇలాగే గీశావా?" అన్నాడు, మెల్లగా.

"ఒక్కటే గీశాను ప్రభూ. మూసి ఉన్నది."

తెరమీద బాణం అప్పటికే ఒక తలుపు దగ్గరికి వెళ్లి వణుకుతోంది.